కడుపులో ఆపరేషన్, భుజంలో నొప్పి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ను కాను. మెకానికల్ ఇంజనీర్ను. ముప్పై ఏళ్లుగా కంప్రెషర్లు, పంపులు, ప్రెషర్ గేజ్‌ల మధ్య బతుకుతున్నవాణ్ని. ఆరోగ్య సదస్సులో నాకేం పని అని మీకు అనిపించవచ్చు. పోయిన ఏడాది నాకు పిత్తాశయం తీసేసే ఆపరేషన్ జరిగింది. మన ఊళ్లో పసరు తిత్తి అంటాం, అందులో రాళ్లు చేరాయి. కడుపు కోయకుండా నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే లాపరోస్కోపీ పద్ధతిలో తీశారు. ఆపరేషన్ బాగా జరిగింది. కానీ ఆ తర్వాత మూడు రోజులు నన్ను బాధపెట్టింది కడుపు కాదు, కుడి భుజం. దాని గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన ఇంగ్లీషు కాగితంలో కూడా ఆ ముక్క లేదు.

మన బ్యాచులన్నీ ఇప్పుడు యాభై దాటినవి, దాటబోతున్నవి. పిత్తాశయం రాళ్లు, అపెండిక్స్, హెర్నియా, గర్భసంచి ఆపరేషన్లు ఇలా చిన్న రంధ్రాలతోనే ఎక్కువగా చేస్తున్నారు. ఇవాళ కాకపోతే రేపు మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఈ అవసరం పడుతుంది. నాకు జరిగినది, దాని వెనుక ఉన్న సైన్సు, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడతాను.

అసలు జరిగేదేమిటి

మూసిన కడుపులో కెమెరా పెడితే ఏమీ కనబడదు. పేగులు, కాలేయం, కడుపు గోడ అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి. పని చేయడానికి చోటు కావాలి. అందుకని బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి, లోపలికి గ్యాస్ పంపి, కడుపును గుడారంలా పైకి లేపుతారు. పెద్దవాళ్లకైతే మూడు నుంచి అయిదు లీటర్ల దాకా గ్యాస్ పడుతుంది.

ఎంత ఒత్తిడితో పంపుతారు? మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. ఈ లెక్క వినగానే నేను మనసులోనే నీటి మట్టంలోకి మార్చుకున్నాను. 15 మిల్లీమీటర్ల పాదరసం అంటే 20 సెంటీమీటర్ల నీటి ఎత్తు. బకెట్‌లో జానెడు లోతు నీళ్లకు అడుగున ఉండే ఒత్తిడి అంతే. మోటార్‌సైకిల్ టైరులో 30 పాయింట్ల గాలి కొట్టిస్తాం చూడండి, దాంట్లో వందో వంతు కూడా కాదు. అంత తక్కువ ఒత్తిడిని కూడా యంత్రం ఆపకుండా కొలుస్తూ, తగ్గితే నింపుతూ, పెరిగితే ఆపుతూ ఉంటుంది. ఎందుకంటే ఒత్తిడి మరీ పెరిగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, ఊపిరితిత్తులకు చోటు చాలదు.

ఆ గ్యాస్ ఏది? బొగ్గుపులుసు వాయువు, కార్బన్ డయాక్సైడ్. గాలి ఎందుకు వాడరు? రెండు కారణాలు, రెండూ మన బడి ల్యాబులో చూసినవే. మండుతున్న పుల్లను కార్బన్ డయాక్సైడ్ ఉన్న పరీక్షనాళికలో పెడితే ఆరిపోతుంది. లోపల రక్తం ఆపడానికి కరెంటుతో కాలుస్తారు కాబట్టి, మంటకు సాయం చేయని వాయువే కావాలి. రెండోది, ఇది నీటిలోను రక్తంలోను సులువుగా కరుగుతుంది, ఆక్సిజన్ కన్నా ఇరవై రెట్లకు పైగా. గోలీ సోడాలో ఇన్ని బుడగలు పట్టడానికి కారణం అదే. కడుపులో మిగిలిన గ్యాస్ రక్తంలో కరిగి, ఊపిరితిత్తులకు చేరి, మామూలు ఊపిరితోపాటు బయటికి పోతుంది. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉండే నైట్రోజన్ అట్లా కరగదు. అది లోపల ఎక్కువ రోజులు కూర్చుంటుంది. పొరపాటున రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. 2014లో ఒడిశాలోని అంగుల్ జిల్లాలో ఒక కుటుంబ నియంత్రణ శిబిరంలో ఆడవాళ్ల కడుపులోకి సైకిల్ పంపుతో గాలి కొట్టారన్న వార్త దేశమంతా ఎందుకు గగ్గోలు పుట్టించిందో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

భుజానికీ కడుపుకూ ఏం చుట్టరికం

ఆపరేషన్ అయ్యాక గ్యాస్‌ను వీలైనంత బయటికి వదిలేస్తారు. కొంత మిగులుతుంది. మేస్త్రీ వాడే స్పిరిట్ లెవెల్‌లో బుడగ ఎప్పుడూ పైకే చేరినట్టు, మనం లేచి కూర్చోగానే ఈ గ్యాస్ కడుపులో అన్నిటికన్నా పైకి చేరుతుంది. పైన ఏముంది? ఛాతీని, కడుపును వేరు చేసే కండరాల పొర, ఉదరవితానం. డాక్టర్లు డయాఫ్రం అంటారు. గ్యాస్ అక్కడి తడితో కలిసి పలచని కార్బానిక్ ఆమ్లమై ఆ పొరను చురుక్కుమనిపిస్తుంది. ఆపరేషన్‌లో కడుపు ఉబ్బినప్పుడు ఆ పొర సాగింది కూడా.

మరి నొప్పి భుజంలో ఎందుకు? ఉదరవితానానికి వెళ్లే ప్రధాన నరం ఫ్రెనిక్ నరం. అది పుట్టేది నడుము దగ్గరో ఛాతీ దగ్గరో కాదు, మెడలో. మెడ భాగంలోని మూడు, నాలుగు, అయిదో నరాల నుంచి వస్తుంది. భుజం మీది చర్మానికి స్పర్శనిచ్చే నరాలు కూడా దాదాపు అక్కడి నుంచే. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు ఉదరవితానం మెడ దగ్గరే మొదలవుతుంది. పెరిగేకొద్దీ కిందికి జారుతుంది, తన నరాన్ని వెంట తీసుకునే జారుతుంది. ఊరు మారినా రేషన్ కార్డు పాత ఊళ్లోనే ఉన్నట్టు. ఉదరవితానం నుంచి ఫిర్యాదు వచ్చినప్పుడు మెదడు పాత చిరునామా చూసుకుని, ఇది భుజం నుంచే వచ్చిందనుకుంటుంది.

ఇది అరుదైన సంగతేమీ కాదు. వేర్వేరు అధ్యయనాల్లో లాపరోస్కోపీ చేయించుకున్నవాళ్లలో సుమారు 35 నుంచి 80 శాతం మందికి భుజం నొప్పి వచ్చినట్టు నమోదైంది. ఎక్కువగా కుడివైపు, కొందరికి రెండువైపులా. ఆపరేషన్ అయిన కొన్ని గంటలకో, మర్నాడో మొదలవుతుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కొందరికి వారం పట్టవచ్చు. కీలు అరిగిందని కాదు, నరం పట్టిందని కాదు. భుజాన్ని ఎంత నలిపినా పిసికినా నొప్పి పోనిది అందుకే. బాధ అక్కడ లేదు.

దీన్ని తగ్గించే మార్గాలు డాక్టర్ల చేతుల్లోనూ ఉన్నాయి. కుదిరినప్పుడు తక్కువ ఒత్తిడితో పనిచేయడం, గ్యాస్‌ను నిదానంగా నింపడం, చివర్లో మత్తు డాక్టర్ ఊపిరితిత్తులను కొన్నిసార్లు బాగా నింపి ఉదరవితానాన్ని కిందికి నొక్కి మిగిలిన గ్యాస్‌ను రంధ్రాల గుండా బయటికి తోయడం. ఆపరేషన్‌కు ముందు మీ సర్జన్‌ను వీటి గురించి మర్యాదగా అడగండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

ఈ విద్య ఎక్కణ్నుంచి వచ్చింది

ఇంజనీరును కాబట్టి ఈ రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. 1901లో జర్మనీలో గియోర్గ్ కెల్లింగ్ అనే డాక్టరు కుక్క కడుపులోకి వడకట్టిన గాలి పంపి, గొట్టంతో లోపల చూశారు. 1910లో స్వీడన్‌లో జాకోబియస్ మనుషుల మీద చేశారు. గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడమని 1924లో స్విట్జర్లాండ్‌కు చెందిన జోలికోఫర్ సూచించారు. 1938లో హంగరీకి చెందిన వెరెష్ స్ప్రింగ్ ఉన్న సూది చేశారు. గట్టి గోడను దాటి ఖాళీలోకి పోగానే లోపలి మొద్దు మొన ముందుకొచ్చి అవయవాలకు గుచ్చుకోకుండా కాపాడుతుంది. ఆయన దాన్ని చేసింది క్షయ రోగుల ఛాతీ కోసం, ఇవాళ వాడుతున్నది కడుపు కోసం. గ్యాస్ ఒత్తిడిని తనంతట తానే చూసుకునే యంత్రాన్ని రూపొందించిన జర్మన్ డాక్టరు కుర్ట్ సెమ్ 1980లో ఈ పద్ధతిలో అపెండిక్స్ తీశారు. 1985 సెప్టెంబర్ 12న ఎరిక్ మ్యూహె జర్మనీలో మొదటిసారి పిత్తాశయం తీశారు. మరుసటి ఏడు ఆ సంగతి చెబితే తోటి సర్జన్లు మెచ్చుకోలేదు. 1992లో అదే సర్జన్ల సంఘం ఆయన్ను సన్మానించింది. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా తొలిసారి ఈ పద్ధతిలో పిత్తాశయం తీశారు. 2017లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది.

ఒకప్పుడు పిత్తాశయం ఆపరేషన్ అంటే పక్కటెముకల కింద జానెడు కోత, వారం పైగా ఆస్పత్రి, నెలా రెండు నెలలు మంచం. ఇవాళ మర్నాడో మూడోనాడో ఇంటికి పంపుతున్నారు. మూడు రోజుల భుజం నొప్పి దాని పక్కన చిన్న విషయమే. కాకపోతే, ఎందుకు వస్తుందో తెలియనప్పుడు చిన్న నొప్పి కూడా పెద్ద భయం అవుతుంది.

ఈ గ్యాస్ ఆ గ్యాస్ కాదు

ఈ మాట అన్నిటికన్నా ముఖ్యం, కాస్త మనసుపెట్టి వినండి.

మన దగ్గర గ్యాస్ అనే మాట అన్నిటికీ వాడేస్తాం. ఛాతీలో పట్టేసినా గ్యాసే, వీపులో గుంజినా గ్యాసే, తల తిరిగినా గ్యాసే. సోడా తాగుతాం, వాము నములుతాం, ఈనో కలుపుకుంటాం. ఆపరేషన్ తర్వాత డాక్టరు "గ్యాస్ వల్లనే" అన్నారంటే మనవాళ్లకు ధైర్యం వచ్చేస్తుంది, ఇంట్లో సోడా సీసా తయారవుతుంది.

ఆపరేషన్‌లో నింపిన గ్యాస్ పేగుల లోపల ఉండదు, పేగుల బయట ఉంటుంది. తేన్పు వచ్చినా, కింది నుంచి పోయినా ఆ గ్యాస్ తగ్గదు. అది రక్తంలో కరిగి ఊపిరిలో పోవలసిందే. వాము నీళ్లు, పుదీనా నీళ్లు పేగుల ఉబ్బరానికి కొంత హాయినిస్తాయేమో గానీ భుజానికి కాదు. సోడా తాగితే ఉన్న ఉబ్బరానికి ఇంకొంచెం చేర్చినట్టు.

ఇక రెండో వైపు. నాకు ఆపరేషన్ అయిన రెండో రాత్రి లేచి కూర్చోగానే కుడి భుజంలో కత్తి దిగినట్టయింది. ఊపిరి గట్టిగా పీలిస్తే ఇంకా ఎక్కువ. మా ఆవిడ వెంటనే నర్సును పిలిచింది. డ్యూటీ డాక్టర్ వచ్చి ముందు ఈసీజీ తీయించారు, రక్తంలో ఆక్సిజన్ చూశారు, కాళ్ల పిక్కలు నొక్కి చూశారు. అన్నీ బాగున్నాయని తేలాకే గ్యాస్ సంగతి చెప్పి, పడుకోబెట్టి, దిండు సర్ది, మందు ఇప్పించారు. ఆ వరస గమనించండి. ముందు గుండె, ఊపిరితిత్తులు. ఆ తర్వాతే గ్యాస్.

పడుకుంటే తగ్గడం, కూర్చుంటే పెరగడం, ఊపిరి పీలిస్తే గుచ్చుకోవడం, రోజురోజుకూ తేలికపడడం ఈ గ్యాస్ నొప్పి లక్షణాలు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు పట్టేయడం, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకడం, ఊపిరి ఆడకపోవడం గుండె వైపు, ఊపిరితిత్తుల వైపు వేలు చూపిస్తాయి. కానీ ఈ తేడాలు చూసుకుని ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పకండి. మనలో సగం మందికి షుగరు, బీపీ ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్లకు గుండెపోటు పెద్ద నొప్పి లేకుండానే రావచ్చు. ఈసీజీకి పది నిమిషాలు చాలు.

ఆ మూడు రోజులు గడిపేదెట్లా

నాకు ఉపయోగపడినవి, డాక్టర్లు సరేనన్నవి చెబుతాను.

ఒకటి, నొప్పి ఎక్కువైనప్పుడు వెల్లకిలా పడుకోవడం. బుడగ సిద్ధాంతం గుర్తుంది కదా. పడుకుంటే గ్యాస్ ఉదరవితానం కింది నుంచి పక్కకు జరుగుతుంది, భుజం తేలికపడుతుంది. అలాగని రోజంతా మంచానికే అంటిపెట్టుకోవద్దు.

రెండు, నడక. మా డాక్టరు ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి వరండాలో నడిపించారు. నడిస్తే గ్యాస్ నేరుగా బయటికి పోతుందని కాదు. పేగులు కదులుతాయి, ఊపిరి లోతుగా ఆడుతుంది, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. పగలు రెండు గంటలకోసారి అయిదేసి నిమిషాలు. ఒక్కసారే అరగంట నడవడం కన్నా ఇదే మేలు.

మూడు, ఊపిరి కసరత్తు. మూడు బంతుల గొట్టం ఇస్తారు, పీలిస్తే బంతులు లేస్తాయి. భుజం గుచ్చుకుంటుందని చాలామంది పైపైన ఊపిరి తీస్తారు. అలా చేస్తే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది. దగ్గు వస్తే దిండును కడుపుకు అదిమిపట్టి దగ్గండి. రంధ్రాల దగ్గర లాగదు.

నాలుగు, వేడి కాపడం. వేడినీళ్ల సంచికి బట్ట చుట్టి భుజం మీద పావుగంట. కడుపు మీద, కుట్ల మీద మాత్రం వద్దు. భుజానికి తైలం రాసి గట్టిగా మర్దన చేయించుకోవడం వల్ల లాభం లేదు.

అయిదు, నొప్పి మాత్ర. డాక్టరు రాసింది రాసిన వేళకు వేసుకోండి. భరించలేనంత అయ్యాక వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. మెడికల్ షాపులో అడిగి ఇంకో మాత్ర కలుపుకోకండి. కిడ్నీ, అల్సర్ బాధలున్నవాళ్లకు కొన్ని నొప్పి మాత్రలు కీడు చేస్తాయి.

ఆరు, మంచం దిగే పద్ధతి. నేరుగా లేవకుండా, పక్కకు తిరిగి, కాళ్లు కిందికి జార్చి, మోచేతి మీద బరువు వేసి లేవండి. కడుపు కండరాలకు పని తగ్గుతుంది.

ఇంటికొచ్చాక

హైదరాబాద్ నుంచి సిద్దిపేటకు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. కారులో సీటుబెల్టుకు, కడుపుకు మధ్య చిన్న దిండు పెట్టుకున్నాను. స్పీడ్‌బ్రేకర్లున్న చోట అది చాలా అక్కరకొచ్చింది. మధ్యలో ఒకసారి ఆపి, దిగి, నాలుగడుగులు వేశాను. ఇప్పుడు సిద్దిపేటలోనే 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఏదైనా తేడా వస్తే హైదరాబాద్ దాకా ఆగాల్సిన పని లేదన్న ధైర్యం మన చిన్నప్పుడు మన పెద్దలకు లేదు.

తిండి విషయంలో మనవాళ్లు పత్యం పేరుతో మనిషిని ఎండబెడతారు. నాకు మొదటి రెండు రోజులు జావ, ఇడ్లీ, మజ్జిగ అన్నం. తర్వాత నూనె తగ్గించి మామూలు తిండి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. పిత్తాశయం లేకపోయినా కాలేయం పసరు తయారుచేస్తూనే ఉంటుంది, అది నేరుగా పేగులోకి పోతుంది. అందుకని కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పలచగా అవుతాయి. జీవితాంతం పత్యం అక్కర్లేదు.

బరువుల విషయం మాత్రం గట్టిగా చెబుతాను. బయట కనిపించేవి అర అంగుళం గాయాలే, కానీ లోపల కడుపు గోడ కూడా మానాలి. మా డాక్టరు నాలుగు వారాలు అయిదు కిలోలకు మించి ఎత్తొద్దన్నారు. ఎన్ని వారాలన్నది ఆపరేషన్‌ను బట్టి మారుతుంది, మీ డాక్టర్‌ను అడగండి. లెక్క చూడండి. నిండు బిందె పదిహేను కిలోలు. వంట గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై దాకా. మనవణ్ని ఎత్తుకోవడం కూడా బరువే. కూర్చోబెట్టి ఒళ్లోకి తీసుకోండి.

బండి నడపడం: గట్టిగా బ్రేకు తొక్కితే కడుపులో నొప్పి రాని రోజున మొదలుపెట్టండి. నాకు పది రోజులు పట్టింది. కోమటిచెరువు కట్ట మీద నడకే నాకు కొలబద్ద అయింది. మొదటి వారం గేటు దగ్గరే ఆగిపోయాను, రెండో వారం సగం, నాలుగో వారానికి మునుపటి నడక. మధ్యలో ఊరికే అలసట. ఏమీ చేయకుండానే మధ్యాహ్నం కళ్లు మూతలు పడేవి. మత్తు, ఆపరేషన్ రెండూ శరీరాన్ని పనిలో పెడతాయి. ఆ అలసటతో పోట్లాడవద్దు.

ఎప్పుడు ఆగకూడదు

వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, తగ్గాల్సిన కడుపు నొప్పి రోజురోజుకూ పెరగడం, కడుపు గట్టిగా ఉబ్బడం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడడం, గాయం ఎర్రబడి చీము రావడం, మూత్రం బందు కావడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, వారం దాటినా తగ్గని భుజం నొప్పి. 2005లో మన దగ్గర మొదలైన 108 ఉన్నది ఇందుకే.

ఇంకో మాట. ఆపరేషన్ ఏదీ లేకుండానే కడుపు నొప్పితోపాటు భుజం నొప్పి వస్తే అది వేరే కథ. పిత్తాశయం వాచినా కుడి భుజం నొస్తుంది. దెబ్బ తగిలి ప్లీహం చిట్లితే ఎడమ భుజం నొస్తుంది. గర్భసంచి బయట నిలిచిన గర్భం పగిలినా, లోపల కారిన రక్తం ఉదరవితానాన్ని తాకి భుజం నొస్తుంది. నెల తప్పిన ఆడబిడ్డ కడుపు, భుజం నొప్పులతో కళ్లు తిరుగుతున్నాయంటే క్షణం ఆగొద్దు.

మన ఆడవాళ్ల మాట

ఆపరేషన్ తర్వాత నన్ను చూడడానికి మా అక్క వచ్చింది. భుజం కథ చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "తమ్మీ, గది నాకెరుకే. నాకు పిల్లలు కాకుండా ఆపరేషన్ జేసినప్పుడు రెండు బుజాలు గిట్లనే గుంజినయి. ఎవలకు జెప్పినా కడుపుల ఆపరేషన్ జేస్తే బుజమెందుకు నొస్తదన్నరు. పని తప్పించుకునేటందుకు అంటున్ననని అనుకున్నరు. మూడోనాటికే కలుపుకు పోయిన." ముప్పై ఏళ్ల కిందటి మాట అది. ఆ నొప్పి నిజమేనని ఆమెకు తెలిసింది మొన్ననే.

మన పల్లెల్లో లాపరోస్కోపీ ముందుగా వచ్చింది పెద్దాస్పత్రుల నుంచి కాదు, కుటుంబ నియంత్రణ శిబిరాల నుంచి. చేయించుకున్నది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు మంచం దొరికిందీ తక్కువే, మాట దొరికిందీ తక్కువే. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో 34 మంది మహిళలకు ఈ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. ఇలాంటి శిబిరాల పద్ధతికి మూడేళ్లలో స్వస్తి చెప్పాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. తప్పొప్పులు విచారించే పని నాది కాదు. నాకు అర్థమైంది ఒక్కటే. చిన్న రంధ్రం ఆపరేషన్ అంటే చిన్న ఆపరేషన్ కాదు. ఇంటికొచ్చిన ఆడమనిషి "ఇక్కడ నొస్తోంది" అంటే నమ్మాలి. నొప్పి ఎక్కడైనా సరే, కారణం మనకు తోచకపోయినా సరే. నమ్మితే రెండు లాభాలు. మామూలు నొప్పి అయితే ఆమెకు నాలుగు రోజుల విశ్రాంతి దక్కుతుంది. కాకపోతే ప్రాణం దక్కుతుంది.

సంఘానికి ఒక విన్నపం

మన సంఘంలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, తెలుగు పండితులున్నారు, ప్రెస్సు నడిపేవాళ్లున్నారు. ఒకే ఒక్క కాగితం తయారుచేద్దాం. పెద్ద అక్షరాల తెలుగులో, రెండు వైపులా. ఒక వైపు "భుజం నొప్పి రావచ్చు, ఎందుకు వస్తుంది, ఏం చేయాలి". రెండో వైపు "ఇవి కనిపిస్తే ఆగకండి". మన డాక్టర్ మిత్రులు సరిచూస్తే, సిద్దిపేటలో ఆపరేషన్లు చేసే ప్రతి ఆస్పత్రికీ ఇద్దాం. చదవడం రానివాళ్లకు చదివి వినిపించమని చెబుదాం. మొదటి వెయ్యి కాగితాల ఖర్చు నాది. రాసిపెట్టే పని తెలుగు పండితులైన మా సార్లు తీసుకోవాలని నా కోరిక. నేను రాస్తే మళ్లీ మిల్లీమీటర్ల పాదరసం వచ్చేస్తుంది.

సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఈ కాగితం వచ్చే వార్షికోత్సవం నాటికి తయారైతే చాలు. ఇప్పుడు మీకున్న సందేహాలు అడగండి. గ్యాస్ గురించి, ఒత్తిడి గురించి నేను చెబుతాను. మందుల గురించి మాత్రం ముందు వరసలో కూర్చున్న మన డాక్టర్లను అడగండి.